పాఠం 11: మెత్తని నేలలో పునాదులు – కోల్‌కతా నేల

11.1 పరిచయం

నల్లరేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. ఈ మార్పు తగలని లోతుకు, అంటే సుమారు మూడున్నర మీటర్లకు, పునాదిని దించుతారు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ రూపొందించిన అండర్ రీమ్డ్ పైల్ ఇటువంటి నేలల కోసమే వచ్చింది. "పునాది ఎంత లోతుకు పోతే అంత గట్టి" అని మన మేస్త్రీలు అనే మాట అక్కడ చాలావరకు నిజం. కోల్‌కతాలో అదే మాట నమ్మి గొయ్యి తవ్వితే ఇల్లు చెడుతుంది. ఎందుకో ఈ పాఠంలో తెలుసుకుందాం.

11.2 నగరం కింద ఏముంది?

కోల్‌కతా నిలిచి ఉన్నది గంగానది తెచ్చి పోసిన ఒండ్రు మీద. 19వ శతాబ్దంలో ఫోర్ట్ విలియంలో 481 అడుగుల లోతుకు బోరు దింపారు. అంత లోతులోనూ రాతిపొర తగలలేదు. కాబట్టి "రాయి తగిలేదాకా తవ్వుదాం" అనే ఆలోచనకు ఇక్కడ తావు లేదు.

నగరంలో చాలాచోట్ల పొరలు ఇంచుమించు ఇలా ఉంటాయి. పైన నాలుగైదు మీటర్ల వరకు గోధుమ-బూడిద రంగు బంకమన్ను. ఎన్నో ఏళ్లు ఎండుతూ తడుస్తూ ఇది కొంత గట్టిపడింది. దాని కింద పన్నెండు, పద్నాలుగు మీటర్ల వరకు నల్లని, మెత్తని బంకమన్ను. ఇందులో కుళ్లిన చెట్ల మొద్దులు, ఆకులు కూడా దొరుకుతాయి. ఒకప్పుడు ఇక్కడ సుందర్బన్ వంటి అడవి ఉండేదని ఇవి చెబుతాయి. ఆ కింద సున్నపు గులకలు కలిసిన గట్టి బంకమన్ను, ఇంకా కింద ఇసుక. భూగర్భజలం నేలకు చాలా దగ్గరగా ఉంటుంది.

రొట్టె పైపెచ్చు గట్టిగా, లోపల మెత్తగా ఉన్నట్టు ఊహించండి. చిన్న ఇంటికి ఆ పెచ్చే ఆధారం. లోతు పేరుతో దాన్ని తవ్వేస్తే, ఫుటింగు మెత్తని పొరకు మరింత దగ్గరవుతుంది.

11.3 విరగడం కాదు, కుంగడం

ఈ నేలలో ఇల్లు ఒక్కసారిగా దిగబడటం అరుదు. బరువు పడగానే బంకమన్నులోని నీరు మెల్లగా బయటకు పోతుంది; నీరు పోయిన మేరకు మన్ను అణుగుతుంది. ఇందుకు ఏళ్లు పడుతుంది. పొర మందం రెట్టింపయితే పట్టే కాలం నాలుగు రెట్లవుతుంది. ఇల్లు కట్టి, రంగులు వేసి, గృహప్రవేశం చేశాక కూడా కుంగుబాటు సాగుతూనే ఉంటుందన్నమాట.

ఇల్లంతా సమానంగా కుంగితే పెద్ద ప్రమాదం లేదు. ఒక మూల ఎక్కువ, ఒక మూల తక్కువ కుంగితేనే గోడలు పగులుతాయి. 1986 నాటి ఐఎస్ 1904 ప్రమాణం ప్రకారం, ఇటువంటి బంకమన్నులో కాంక్రీటు ఫ్రేము భవనపు విడి ఫుటింగు మొత్తం 75 మి.మీ. కుంగవచ్చు. కాని 5 మీటర్ల దూరంలో ఉన్న రెండు పిల్లర్ల మధ్య తేడా 7.5 మి.మీ. మించరాదు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. డిజైను చేసేవారికి నిద్ర పట్టనివ్వనిది రెండోదే.

11.4 వెడల్పు పెంచితే చాలా?

"నేల మెత్తన అయితే ఫుటింగు వెడల్పు చేస్తే సరి" అని చాలామంది అనుకుంటారు. చదరపు ఫుటింగు ఒత్తిడి, చెప్పుకోదగినంతగా, దాని వెడల్పుకు రెండు రెట్ల లోతు వరకు పాకుతుంది. 1.5 మీ. వెడల్పు ఫుటింగును 1.5 మీ. లోతులో పెడితే ఒత్తిడి 3 మీటర్లు కిందికి, అంటే నేల నుండి 4.5 మీ. వరకు చేరుతుంది. ఇది పైపెచ్చులోనే ఉంది. అదే లోతులో 3 మీ. వెడల్పు ఫుటింగు పెడితే? 7.5 మీ. వరకు, మెత్తని పొర లోపలికి పోతుంది. చదరపు మీటరుకు అంతే బరువు మోపితే వెడల్పు ఫుటింగే ఎక్కువ కుంగుతుంది. ఫుటింగులు దగ్గరగా ఉంటే వాటి ఒత్తిళ్లు కలిసిపోయి ఒకే పెద్ద ఫుటింగులా పనిచేస్తాయి. ఇదీ గమనించాలి.

11.5 రాఫ్ట్ పునాది

ఇల్లంతటి కింద పరచిన ఒకే కాంక్రీటు పలకను రాఫ్ట్ అంటారు. ఇది అసమానపు కుంగుబాటును తగ్గిస్తుంది. కాని వెడల్పు ఎక్కువ కాబట్టి దీని ఒత్తిడి మెత్తని పొరను తప్పక తాకుతుంది. అందుకే ఒక ఉపాయం చేస్తారు: మోపే బరువులో కొంత భాగానికి సరిపడా మన్నును ముందే తీసేస్తారు.

ఉదాహరణ: ఒక్కో అంతస్తు బరువు చదరపు మీటరుకు 1.2 టన్నులు అనుకోండి. నాలుగు అంతస్తులకు 4.8 టన్నులు. రాఫ్ట్, దూలాలు కలిపి మరో 1.2. మొత్తం 6.0 టన్నులు. ఘనపు మీటరు మన్ను 1.8 టన్నులు తూగితే, 1.5 మీ. తవ్వినప్పుడు 2.7 టన్నులు తీసినట్టు. నేలకు కొత్తగా వచ్చే భారం 6.0 – 2.7 = 3.3 టన్నులే. అయితే తవ్విన చోటును బోలుగా ఉంచాలి. మళ్లీ మన్ను నింపితే లెక్క మొదటికి వస్తుంది.

11.6 పైల్ పునాది

భవనం ఎత్తు పెరిగితే పైల్స్ ద్వారా బరువును మెత్తని పొర దాటించి, గట్టి బంకమన్నుకు గాని ఇసుకకు గాని అందించాలి. బోరు గోడలు కూలకుండా బెంటొనైటు ద్రవం నింపి, అడుగు నుండి కాంక్రీటు పోస్తారు. హౌరా వంతెనకు (1943లో ప్రారంభం) ఇంకా పెద్ద ఏర్పాటు కావలసి వచ్చింది. దాని ప్రధాన కైసన్లు ఒక్కొక్కటి సుమారు 55 మీ. పొడవు, 25 మీ. వెడల్పు. కోల్‌కతా వైపు దానిని సుమారు 31 మీ. లోతుకు, హౌరా వైపు దానిని 26 మీ. పైచిలుకు లోతుకు దింపారు.

11.7 పూడ్చిన చెరువు, పొరుగు గొయ్యి

చెరువు పూడ్చిన స్థలంలో పైపెచ్చు ఉండదు. పోసిన మన్ను తన బరువుకే అడుగు బురదను అణచుతుంది. అక్కడ పైల్స్ దింపినా, కుంగుతున్న మన్ను వాటిని పట్టుకుని కిందికి లాగుతుంది. ఈ లాగుడును పైల్ మోయవలసిన బరువుకు కలిపి లెక్కించాలి. 2025 జనవరిలో బాఘాజతీన్ ప్రాంతంలో నాలుగంతస్తుల భవనం ఒరిగిపోయింది. అప్పటికే వాలిన దానిని ఎత్తి సరిచేసే పని జరుగుతుండగా ఇది సంభవించింది. ఆ స్థలం ఒకప్పటి చెరువని పత్రికలు రాశాయి. ఒరిగిన ఇంటిని నిలబెట్టడం కన్నా, కొనేముందు పాత పటంలో చెరువు ఉందేమో చూడటం ఎంతో చవక.

మీ పునాది బాగున్నా పొరుగు పని దెబ్బతీయవచ్చు. 2019 ఆగస్టు 31న బౌబజార్‌లో మెట్రో సొరంగం తవ్వే యంత్రం నీటిపొరను తాకింది. నీటితోపాటు మన్ను సొరంగంలోకి పారింది. పైనున్న పాత ఇళ్లు పగిలాయి, కొన్ని కూలాయి. వందల మంది ఇళ్లు వదిలి వెళ్లవలసి వచ్చింది. ఆ ఇళ్లవారు తమ గోడ మీద ఒక్క ఇటుక కూడా కొత్తగా పెట్టలేదు.

అభ్యాసం

1. మూడంతస్తుల ఇంటికి రాఫ్ట్ వేస్తున్నారు. రాఫ్ట్, దూలాల బరువు చదరపు మీటరుకు 1.0 టన్ను. నేలకు కొత్తగా వచ్చే భారం 1.9 టన్నులు మించరాదంటే ఎంత లోతు తవ్వాలి? (11.5లోని అంతస్తు బరువు, మన్ను బరువులనే వాడండి.)

2. కోల్‌కతాలో ఒకరు రెండంతస్తుల ఇంటికి 4 మీ. లోతు పిల్లరు గుంతలు తవ్విస్తున్నారు. మీరు ఏమని చెబుతారు? పొరల బొమ్మ గీసి వివరించండి.

3. కృత్యం: మీ ఊళ్లో పూడ్చిన చెరువు లేదా కుంట ఎక్కడ ఉండేదో పెద్దలనడిగి తెలుసుకోండి. అక్కడి ఇళ్ల గోడలపై పగుళ్లు ఏ వైపుకు వాలి ఉన్నాయో చూసి రాసుకోండి.