గాయం మానుతుంది, మచ్చ మిగులుతుంది



కొన్నేళ్ల క్రితం విచారణలో ఇళ్లు దర్శిస్తూ ఒక పెద్దాయన ఇంటికి వెళ్లాను. ప్రతి ఆదివారం పూజకు తప్పకుండా వచ్చే మనిషి. కాని సత్ప్రసాదం తీసుకోవడానికి మాత్రం ముందుకు రాడు. కారణం అడిగాను.

"ఫాదర్‌గారూ, పొలం గట్టు దగ్గర మొదలైన తగాదా అండి. అమ్మ శవం ఇంట్లో ఉండగానే మా తమ్ముడు నలుగురిలో నన్ను అనరాని మాట అన్నాడు. క్షమించాలని పదిహేనేళ్లుగా ప్రార్థిస్తున్నాను. ఆ మాట మాత్రం మరపునకు రావడం లేదు. మర్చిపోలేనివాడు క్షమించినట్టు ఎలా అవుతుంది? క్షమించనివాడు ప్రభువును ఏ నోటితో స్వీకరిస్తాడు?"

"జరిగిందేదో జరిగింది, మర్చిపోండి" అని చెప్పి, ప్రార్థన చేసి వచ్చేశాను. దారిలో నాకే తప్పనిపించింది. ఆయన ఏ పని చేయలేకపోతున్నానని చెప్పాడో ఆ పనే మళ్లీ చేయమని చెప్పి వచ్చాను. ఈ వారం ఆ పెద్దాయన ప్రశ్ననే మనం కలిసి ధ్యానిద్దాం.

జరిగినదాన్ని చెరపవచ్చునా?

గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో పునీత తోమాసు అక్వీనాసు గారి బోధ ఒకటి మాకు వింతగా తోచేది. దేవుడు సర్వశక్తిమంతుడే, అయినా జరిగిపోయిన సంగతిని జరగనిదిగా ఆయన కూడా చేయడు అంటారాయన. ఆయనకు ఎన్నో శతాబ్దాల ముందు అరిస్టాటిల్ కూడా ఈ సంగతే చెప్పాడు. ఇది దేవునికి కొరత కాదు. జరిగినదే జరగలేదనడం తనను తానే ఖండించుకునే మాట.

దేవుడే చెరపని దాన్ని మనం చెరపలేకపోయామని కుమిలిపోవడం దేనికి? అవమానాన్ని మరచిపోవడం, ఆ నొప్పి తెలియకుండా ఉండడం మన చేతిలో లేదని కతోలిక శ్రీసభ సత్యోపదేశం (2843) కూడా ఒప్పుకుంటుంది. పవిత్రాత్మకు అప్పగించుకున్న హృదయంలో ఆ గాయమే జాలిగా మారుతుందని అక్కడే బోధిస్తుంది.

యోసేపును చూడండి. తొలి కుమారునికి మనష్షే అని పేరు పెట్టాడు. నా కష్టాలను, నా తండ్రి ఇంటిని దేవుడు మరపించాడని దాని భావం (ఆదికాండం 41:51). కాని తనను అమ్మేసిన అన్నలు ధాన్యం కోసం ఐగుప్తుకు వచ్చి ఎదుట నిలబడినప్పుడు, పక్కకు వెళ్లి ఏడ్చాడు (42:24). మరచిపోయినవాడు ఏడుస్తాడా? అంతా గుర్తుంది. అయినా వాళ్ల గోతాలు ధాన్యంతో నింపించాడు. యోసేపు క్షమను ఆ గోతాల్లో చూడాలి.

పునీత బఖిత సాక్ష్యం

సూడాను దేశంలోని దార్ఫూరు ప్రాంతంలో సుమారు 1869లో ఒక ఆడబిడ్డ పుట్టింది. పదేళ్లయినా నిండకముందే బానిసల వ్యాపారులు ఆమెను ఎత్తుకుపోయారు. ఆ భయంలో బిడ్డ తన పేరే మరచిపోయింది. అరబ్బీ భాషలో 'అదృష్టవంతురాలు' అని అర్థం వచ్చే 'బఖిత' అనే పేరు ఆ వ్యాపారులు పెట్టిందే! సంతలో పశువును అమ్మినట్టు చేతులు మార్చి అమ్మారు. ఒక యజమాని ఇంట్లో ఒళ్లంతా కత్తితో గాట్లు పెట్టి, ఆ గాట్లలో ఉప్పు రుద్దారు. ఆ మచ్చలు 114.

చివరకు ఇటలీ దేశపు రాయబారి ఒకరు ఆమెను కొన్నారు. ఆ విధంగా ఇటలీ చేరి, వెనిసు నగరంలో కనోసా కన్యస్త్రీల దగ్గర క్రీస్తును తెలుసుకుంది. యజమానురాలు తిరిగి ఆఫ్రికాకు తీసుకుపోతానంటే బఖిత రానన్నది. 1889 నవంబరు 29న న్యాయస్థానం ఆమె స్వతంత్రురాలని తీర్పు చెప్పింది. 1890 జనవరి 9న జోసఫిన్ అనే పేరుతో జ్ఞానస్నానం పొందింది. 1896లో కన్యస్త్రీగా మాటపట్టు ఇచ్చి, తరువాత స్కియో పట్టణపు మఠంలో వంట చేస్తూ, కుట్టుపని చేస్తూ, తలుపు దగ్గర వచ్చేపోయేవారిని పలకరిస్తూ జీవించింది.

తనను ఎత్తుకుపోయినవారు ఎదురైతే మోకరించి వాళ్ల చేతులు ముద్దుపెట్టుకుంటాననీ, ఆ దారిన రాకపోతే తాను క్రైస్తవురాలినయ్యేదాన్ని కాననీ ఆమె చెప్పేది. వాళ్లు చేసినది మంచిపని అని ఆమె భావం కాదు. వాళ్ల చెడుతనం కంటే దేవుని చేయి పొడవైనదని ఆమె సాక్ష్యం.

అయితే 1947లో మరణశయ్యపై ఏం జరిగిందో గమనించండి. ఆ పాత రోజులు మళ్లీ ఆమె కళ్లముందుకు వచ్చాయి. గొలుసులు బరువుగా ఉన్నాయి, వదులు చేయమని పరిచర్య చేస్తున్న సోదరిని బ్రతిమాలింది. అరవై ఏళ్ల ప్రార్థన కూడా ఆ జ్ఞాపకాన్ని తుడవలేదు. అంతమాత్రాన ఆమె క్షమ అబద్ధమైందా? 2000 అక్టోబరు 1న రెండవ జాన్ పాల్ పోపుగారు ఆమెను పునీతురాలిగా ప్రకటించారు.

పునరుత్థాన ప్రభువు కూడా తన గాయాల గుర్తులతోనే శిష్యులకు కనిపించాడు (యోహాను 20:27). ఆ గాయాలు ఇక నెత్తురోడడం లేదు. తోమాసు విశ్వాసానికి అవే ఆధారమయ్యాయి.

మనం ఏం చేయాలి?

మొదట, జరిగినదాన్ని ఉన్నదున్నట్టు ప్రభువుతో చెప్పుకుందాం. పెద్దమనుషుల ముందు చెప్పినట్టు మన తప్పు దాచి, ఎదుటివాడి తప్పు పెంచి చెప్పనవసరం లేదు. మన వంతు తప్పు ఉంటే పాపసంకీర్తనం చేద్దాం. రెండవది, బాధపెట్టినవాని పేరు పలికి రోజుకొక పరలోకజపం చెబుదాం. మొదట్లో పెదవులే పలుకుతాయి. పలకనివ్వండి. మూడవది, జ్ఞాపకం వచ్చిన ప్రతిసారీ కొత్తగా క్షమిద్దాం.

ఒక హెచ్చరిక. క్షమించడమంటే అన్యాయానికి మళ్లీ లొంగిపోవడం కాదు. బఖిత క్షమించింది, కాని బానిసత్వంలోకి తిరిగి వెళ్లలేదు. తాగివచ్చి కొట్టే భర్త చేతిలో నలిగే సోదరికి "ఓర్చుకో అమ్మా" అని చెప్పి పంపేయడం సువిశేషం కాదు. ఆమెకు ముందు రక్షణ కావాలి.

ఆ పెద్దాయన దగ్గరకు మళ్లీ వెళ్లి నా మాట దిద్దుకున్నాను. "మీ తమ్ముడికి కీడు జరగాలని కోరుతున్నారా?" అని అడిగాను. "అయ్యో, అదేం మాట ఫాదర్‌గారూ! వాడికి జ్వరమని తెలిస్తే నాకు నిద్ర పట్టదు" అన్నాడు. "అయితే ఆదివారం ముందుకు రండి" అన్నాను. వచ్చాడు. తమ్ముడు ఇంకా మాట్లాడలేదు. గట్టు తగాదా తేలలేదు. ఆయన మాత్రం రోజూ తమ్ముడి పేరున పరలోకజపం చెబుతూనే ఉన్నాడు.

ఆత్మశోధనకు

1. నాకు మరపునకు రాని మాట ఏది? దాన్ని ప్రభువుతో ఎన్నడైనా చెప్పుకున్నానా?
2. నా మాటను మరచిపోలేక బాధపడుతున్నవారు ఎవరైనా ఉన్నారా?
3. ఈ వారం ఎవరి పేరున పరలోకజపం చెబుతాను?