దైవసాక్షిగా

చిత్తూరు జిల్లా కాణిపాకంలో స్వయంభువుగా వెలసిన శ్రీ వరసిద్ధి వినాయకస్వామిని ఆ ప్రాంతీయులు సత్యప్రమాణాల దేవుడని కొలుస్తారు. పుష్కరిణిలో స్నానమాచరించి, తడిబట్టలతో స్వామి ఎదుట నిలిచి పలికిన మాటకు అక్కడ తిరుగులేదు. అప్పు తీర్చానన్నవాడు, తీర్చలేదన్నవాడు, పొలం గట్టు జరపలేదన్న రైతు, సొమ్ము ముట్టలేదన్న పనివాడు స్వామి ఎదుటకు వచ్చి తగవు తెంచుకున్న ఉదంతాలను పరిసర గ్రామాలవారు నేటికీ చెప్పుకుంటారు. మద్యం మానుతామని అక్కడ మాట ఇచ్చి, సంసారాలను నిలబెట్టుకున్నవారూ ఉన్నారు. ఇటీవలి కాలంలో రాజకీయ నాయకులు సైతం ఒకరిపై ఒకరు ఆరోపణలు చేసుకొని, కాణిపాకం వచ్చి ప్రమాణం చేయగలవా అని సవాళ్లు విసురుకోవడం పత్రికలలో చదువుతున్నాము. నిజంగా వచ్చినవారికంటె సవాలుతో సరిపుచ్చినవారే ఎక్కువేమో!

ఈ సవాళ్లలో ఒక విచిత్రమున్నది. సవాలు చేసేవారిలోను, స్వీకరించేవారిలోను పలువురు పదవిని చేపట్టిననాడు 'దైవసాక్షిగా' అని పదిమంది ఎదుట ఒకమారు ప్రమాణం చేసినవారే. శాసనసభలో సాక్షిగా పిలిచిన దైవం వేరు, కాణిపాకంలో వెలసిన దైవం వేరు అని వారి అభిప్రాయమా? కాదనే అంటారు. అయినను మొదటి ప్రమాణానికి లేని భయం రెండవదానికి ఎందుకు కలుగుతున్నది? ప్రజాజీవనంలో భగవంతుని పేరుకు గల స్థానమేమిటన్న ప్రశ్న ఇక్కడే పుడుతున్నది. దీనిని ఆలయ గోడల వెలుపలి విషయమని భక్తులు విడిచిపెట్టడానికి వీలులేదు. ఎందుకనగా అక్కడ పలుకుతున్నది మన స్వామి పేరే.

మన రాజ్యాంగంలోని మూడవ షెడ్యూలులో మంత్రులు, చట్టసభల సభ్యులు, న్యాయమూర్తులు చేయవలసిన ప్రమాణాల పాఠాలున్నాయి. వాటిలో రెండు మార్గాలు చూపబడినవి. భగవంతుని పేరున ప్రమాణం చేయవచ్చును, లేదా అంతఃకరణశుద్ధితో దృఢంగా ప్రతిజ్ఞ చేయవచ్చును. ఏది ఎంచుకోవాలన్నది ఆ వ్యక్తి ఇష్టం. రాష్ట్రపతి చేసే ప్రమాణానికి సంబంధించిన 60వ అధికరణంలోను ఇదే వెసులుబాటు కలదు. ఈ ఏర్పాటు యాదృచ్ఛికంగా వచ్చినది కాదు. తొలి ముసాయిదాలో రాష్ట్రపతి ప్రమాణపాఠంలో భగవంతుని ప్రస్తావన లేదు. 1948 డిసెంబరులో రాజ్యాంగసభ ఆ అంశాన్ని చర్చించినపుడు హెచ్.వి. కామత్, మహావీర్ త్యాగి భగవంతుని పేరును చేర్చాలని కోరారు. నమ్మనివారికి ప్రతిజ్ఞా మార్గాన్ని అట్లే ఉంచి, నమ్మినవారికి భగవన్నామాన్ని చేర్చడానికి డాక్టర్ అంబేద్కర్ అంగీకరించారు. కామత్ గారి కోరిక ఆనాడు నెరవేరింది.

ఇంచుమించు పది నెలలకు అదే కామత్ మరొక సవరణతో సభ ఎదుటకు వచ్చారు. అది 1949 అక్టోబరు 17. రాజ్యాంగ పీఠికపై చర్చ జరుగుతున్నది. బాబూ రాజేంద్రప్రసాద్ అధ్యక్షస్థానంలో ఉన్నారు. ప్రజలందరి తరపున మాట్లాడే ఆ పీఠిక 'భగవంతుని పేరున' అని ఆరంభం కావాలని కామత్ ప్రతిపాదించారు. గోవింద మాలవ్య వంటి మరికొందరు ఇటువంటి సవరణలనే వేరొక పదజాలంతో తెచ్చారు. అస్సాంకు చెందిన రోహిణీకుమార్ చౌధురి లేచి, కామాఖ్యాదేవిని కొలిచే శాక్తేయుల మాటేమిటి, దేవుని పేరు మాత్రం చెప్పి దేవిని విడిచిపెట్టుట ఎట్లు కుదురుతుందని అడిగారు. సభలో నవ్వులు పూయించగల ప్రశ్నయే గాని, ఆలోచిస్తే తేలికగా తోసిపుచ్చదగినది కాదు. ఒక పేరును ఎన్నుకున్న మరుక్షణమే మరొక పేరు బయట నిలబడిపోతుంది.

పట్టం థాను పిళ్లై ఈ సవరణ విశ్వాస విషయంలో నిర్బంధమవుతుందన్నారు. పండిత హృదయనాథ్ కుంజ్రూ మాట మరింత లోతుగా సాగింది. మనుష్యుని అంతరంగంలో అత్యంత పవిత్రమైన భావాన్ని ఇతరులపై రుద్దరాదని, విశ్వాస స్వాతంత్ర్యాన్ని వాగ్దానం చేస్తున్న పీఠికయే ఆ స్వాతంత్ర్యానికి భంగం కలిగించరాదని ఆయన వాదించారు. శ్రీమతి పూర్ణిమా బెనర్జీ వాదన జోలికి పోలేదు. భగవంతునిపై ఓటు వేయవలసిన ఇబ్బందిలోకి తమను నెట్టవద్దని కామత్ గారిని వేడుకున్నారు. ఆయన వినలేదు, చేతులు లెక్కించవలసిందేనన్నారు. లెక్కించగా అనుకూలంగా 41, ప్రతికూలంగా 68 వచ్చినవి. భగవంతుడు భారతదేశాన్ని రక్షించుగాక అన్న ఆవేదన ఆనాడు కామత్ నోట వెలువడింది.

ఈ ఘట్టాన్ని మొదటిసారి చదివినపుడు ఈ వ్యాసకర్తకు ఆ 68 మందిపై కించిత్తు కోపం వచ్చిన మాట నిజం. వేయి సంవత్సరాలుగా గుడిగంటల నడుమ బ్రతికిన జాతి, తన ధర్మశాసనానికి శ్రీకారం చుట్టే వేళ దేవుని పేరును త్రోసిపుచ్చినదే అనిపించింది. మళ్లీ మళ్లీ చదివిన పిదప పూర్ణిమా బెనర్జీ మాటయే మనస్సులో నిలిచిపోయింది. నలభై ఒకటికి ప్రక్కన అరువది ఎనిమిది వచ్చినవి కనుక పేరు పోయింది. అంకెలు తారుమారై ఉంటే పేరు నిలిచేది. కాని ఆ నిలిచిన పేరు ఓట్లతో నిలిచినదై ఉండేది. అనంతకోటి బ్రహ్మాండనాయకునికి ఇరువది ఏడు చేతుల ఆధిక్యం తక్కువైనదని గాని, ఎక్కువైనదని గాని అనుకోవడంలోనే ఏదో అపచారమున్నది.

ఒకే మనిషి తెచ్చిన రెండు కోరికలలో ఒకటి చెల్లి, రెండవది చెల్లకపోవడానికి కారణం మన ఇండ్లలో జరిగే పూజను బట్టి గ్రహించవచ్చును. పూజారంభంలో సంకల్పం చెప్పుకునేటపుడు మన గోత్రమేదో, మన పేరేదో చెప్పుకుంటాము. అర్చకస్వామి ఇతరుల పేరున అర్చన చేసినను, వారు కోరి గోత్రనామాలు తెలిపిన మీదటనే చేస్తారు. వీథిన పోయే వారందరి గోత్రాలను అడగకుండా సంకల్పంలో కలిపివేయడం మన ఆచారంలో లేదు. ప్రమాణం అటువంటిదే. నేను అని ఒకడు ముందుకు వచ్చి, తన నాలుకతో భగవంతుని సాక్షిగా పిలిచి, ఆ మాట బరువును తన తలపై పెట్టుకుంటాడు. పీఠిక అట్లు కాదు. అది ఒకేసారి కోట్లమంది నోట పలుకుతుంది. అందులో మనవలె నమ్మినవారు, వేరొక రీతిగా నమ్మినవారు, నమ్మనివారు అందరూ ఉన్నారు. భగవన్నామం ప్రజాజీవనంలోకి ప్రవేశించడానికి మన రాజ్యాంగం తెరచి ఉంచిన ద్వారం ఇదే: ఒక్కొక్క మనిషి నోరు.

ప్రతిజ్ఞా మార్గాన్ని ఎంచుకున్నవారిని చూచి ముఖం చిట్లించే భక్తులు కొందరున్నారు. వారికి మన తెలుగునాటి ఉదంతమొకటి చెప్పవలెను. నాస్తికవాద ప్రచారకులైన గోపరాజు రామచంద్రరావు గారు, గోరాగా ప్రసిద్ధులు, అస్పృశ్యతా నిర్మూలనకై పాటుపడుతూ గాంధీజీకి సన్నిహితులైనారు. నిత్యం రామనామం జపించే మహాత్ముడు ఈ నాస్తికుని ఆశ్రమానికి పిలిపించుకొని గంటల తరబడి మాట్లాడారు. గోరా గారు తమ కుమార్తెను హరిజన యువకునికిచ్చి సేవాగ్రామంలో వివాహం జరిపించ నిశ్చయించినపుడు, ప్రమాణంలో దేవుని పేరుకు బదులు సత్యం పేరున అని మార్చడానికి గాంధీజీ సమ్మతించారు. వివాహం జరిగేనాటికి ఆయన లేరు. 1948లో, ఆయన నిర్యాణానంతరం, ఆశ్రమంలో ఆ పెండ్లి జరిగింది. దైవమే సత్యమని తొలుత చెప్పి, 1931 నాటికి సత్యమే దైవమని మాట త్రిప్పిన మహనీయునికి ఆ మార్పు రాజీగా తోచి ఉండదు.

చట్టం చూపు సైతం అట్టిదే. నేడు అమలులోనున్న 1969 నాటి ప్రమాణాల చట్టం ప్రకారం సాక్షి దైవం పేరున ప్రమాణం చేసినను, ప్రతిజ్ఞ మాత్రమే చేసినను, నిజం చెప్పవలసిన బాధ్యతలో వెంట్రుకవాసి భేదం లేదు. చలనచిత్రాలలో వలె భగవద్గీతపై చేయి ఉంచవలసిన నియమమూ లేదు. దీనికి పూర్వమున్న 1873 నాటి చట్టంలో మాత్రం ఒక వింత వెసులుబాటు ఉండేది. దావాలో ఒక పక్షంవారు, ఎదుటి పక్షంవారు ఫలానా రీతిగా ప్రమాణం చేస్తే దానికి కట్టుబడి ఉంటామని కోర్టుకు చెప్పుకోవచ్చును. అట్టి ప్రమాణం కోర్టు వెలుపల కూడా చేయించవచ్చును. అట్లు ప్రమాణపూర్వకంగా చెప్పిన మాట, దానిని కోరినవారిపై తిరుగులేని సాక్ష్యమయ్యేది. మూడవ వ్యక్తికి కీడు తగిలే ప్రమాణం కూడదని ఆ చట్టమే చెప్పింది. అనగా బిడ్డల తలపై చేయి వేసి ఒట్టు పెట్టుకోవడం దానికి సమ్మతం కాదు.

1969లో ఆ ప్రత్యేక ప్రమాణాలను తొలగించారు. తొలగించడమే మంచిదైనది. మన పెద్దలలో నిజమైనను సరే ఒట్టు పెట్టుకోవడమే పాపమని వెనుకంజ వేసేవారెందరో ఉండేవారు. అట్టి నిష్ఠాపరుడు గుడి మెట్లెక్కక పోతే దావా పోగొట్టుకొనవలసిందే. దేవుడంటే లెక్కలేనివాడు కర్పూరం ఆర్పి గెలిచిపోతాడు. న్యాయమూర్తి చేయవలసిన విచారణను స్వామి నెత్తిన వేస్తే నష్టపోయేది భక్తుడే గాని ధూర్తుడు కాదు.

ఇంతవరకు నాయకులను గురించి, శాసనకర్తలను గురించి చెప్పుకున్నాము. దేవస్థానానికి కానుకలిచ్చే పుణ్యాత్ములను నొప్పించే ఉద్దేశం ఈ వ్యాసానికి లేదు. అయినను ఒక మాట చెప్పక తప్పదు. మనం మంత్రులం కాకపోవచ్చును గాని ప్రమాణాలు చేయనివారము మాత్రం కాము. అఫిడవిట్ అని మనం పిలిచే కాగితానికి తెలుగులో ప్రమాణపత్రమని పేరు. ఆదాయాన్ని తగ్గించి చూపే పత్రం, వయస్సు మార్చి చూపే పత్రం, ఉన్న ఇల్లు లేదని చెప్పే పత్రం అన్నిటిపైనా నోటరీ ఎదుట సంతకం చేస్తాము. స్థలం కొన్నపుడు ఇచ్చిన సొమ్ము ఒకటి, విక్రయ దస్తావేజులో వ్రాయించే సొమ్ము మరొకటి. తగ్గించి వ్రాయించగా మిగిలిన దానిలో కొంత మ్రొక్కు చెల్లించి, స్వామి దయవలన ఇల్లు అమరినదని సంతోషించే గృహస్థులు మన మధ్య లేరా? హుండీలో పడిన ఆ నోటుకు ఏ గుర్తూ ఉండదు. లెక్కించే సిబ్బందికి అది ఏ మార్గాన వచ్చినదో తెలియదు. ఇచ్చినవారికి తెలుసు, పుచ్చుకున్నవానికి తెలుసు.

కాణిపాకం ప్రక్కన ప్రవహించే బాహుదా నదికి ఆ పేరు ఎట్లు వచ్చినదో స్థలపురాణం చెప్తుంది. మహాభారతం శాంతిపర్వంలోను ఆ కథ ఉన్నది. శంఖుడు, లిఖితుడు అన్నదమ్ములు, ఇరువురూ తపోధనులు. ఒకనాడు అన్న ఇంట లేని వేళ లిఖితుడు ఆయన తోటలోని పండ్లను అడగకుండా కోసుకొని తిన్నాడు. తిరిగి వచ్చిన శంఖుడు అది చౌర్యమని, రాజు సుద్యుమ్నుని వద్దకు పోయి తప్పు ఒప్పుకొని దండన స్వీకరింపుమని పంపాడు. అంతటి తపస్విని దండించడానికి రాజుకు మనసొప్పలేదు. క్షమించానన్నాడు. లిఖితుడు వినలేదు, దండనయే కోరాడు. రాజు అతని రెండు చేతులనూ ఖండింపజేశాడు. మొండి చేతులతో వచ్చిన తమ్ముని శంఖుడు ఏటిలో స్నానం చేసి తర్పణం విడువుమన్నాడు. మునిగి లేచేసరికి చేతులు మొలిచాయి. నీ తపోమహిమకు ఇంత శక్తి ఉండగా నన్ను మొదటనే ఎందుకు పవిత్రుని చేయలేదని లిఖితుడు ఆశ్చర్యపడి అడిగాడు. నిన్ను దండించే అధికారం నాది కాదు, రాజుది అని శంఖుడు బదులిచ్చాడు. నీవు వెళ్లినందువలన నీతోబాటు ఆ రాజూ పవిత్రుడైనాడు అని కూడా అన్నాడు.