పసివారి బడిలో పలు ఇండ్లు

మూడేండ్ల శిశువు అంగన్‌వాడికి ఒంటరిగా రాడు. ఇంటి మాట, ఇంటి తిండి, ఇంటి అలవాటు అతని వెంట వచ్చును. కర్లపాలెము బాపట్ల జిల్లాలో సముద్రతీరమునకు చెందిన మండలము. వేటకు పోవువారు, సేద్యము చేయువారు, కూలికి పోవువారు, ఇంట ఉర్దూ మాటలాడువారు ఇట్టి తీరప్రాంతమున ఇరుగుపొరుగున కాపురముందురు. వారి బిడ్డలు ఒకే చాపపై కూర్చుందురు. 1975 అక్టోబరు 2న దేశమున ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవలలో పోషకాహారముతోపాటు మూడు నుండి ఆరేండ్లలోపు వారి పూర్వ ప్రాథమిక విద్యయు ఒక భాగము.

చిక్కు మొదట భోజనమువద్ద బయలుపడును. ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడులలో బిడ్డలకు కోడిగ్రుడ్డు పెట్టుదురు. లింగధారుల ఇంటి బిడ్డ దానిని ముట్టడు. "తినకున్న బలమెట్లు వచ్చును?" అని కార్యకర్త అందరియెదుట గద్దించినచో ఆ పసివానికి తన ఇల్లే తప్పుగా తోచును. తల్లి ముందుగా చెప్పుకొని, పప్పో పాలో ఒకింత ఎక్కువ వడ్డింపుమని కోరుట మేలు. అయితే ఇందు రెండవ ప్రక్కయు కలదు; లింగవంతుల ఇండ్లలో పెద్దలు దానిని తరచు మరతురు. ప్రక్కనున్న బెస్తబిడ్డ "మా ఇంట్లో ఎండుచేపల పులుసు" అని మురిసి చెప్పినప్పుడు శివభక్తుల బిడ్డ ముక్కు మూసికొనినచో, ఆ పాఠము బడిలో నేర్చినది కాదు. బసవేశ్వరుని కాలపు శరణులలో అంబిగర చౌడయ్య పడవ నడిపినవాడు. నులియ చందయ్య త్రాళ్ళు పేనినవాడు. ఈ పేర్లు ఇంట తలచుకొనుచునే పొరుగు బిడ్డ గిన్నెను అసహ్యించుకొనుట ఎట్లు పొసగును?

మాట సంగతియు ఇట్టిదే. భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పింప యత్నింపవలెనని 1956లో రాజ్యాంగమున చేరిన 350ఎ అధికరణము చెప్పును. అంగన్‌వాడిలో అంతటి ఏర్పాటు లేకున్నను, నీళ్ళను ఒక పాప 'పానీ' అన్నప్పుడు 'తప్పు' అనక, రెండు మాటలను పిల్లలందరిచేత పలికించుటకు ఖర్చేమియు లేదు. పాల్కురికి సోమనాథుడు బసవ పురాణమును జాను తెనుగున వ్రాసినది సామాన్యుల చెవికి చేరవలెననియే కదా.

కుటుంబమును గూర్చి అడుగుటలో మరింత మెలకువ వలయును. "మీ నాన్న ఏమి చేయును?" అను ప్రశ్నకు తండ్రి లేని బిడ్డ తలవంచుకొనును, తల్లిదండ్రులు దూరపు ఊళ్ళకు పనికి పోగా అమ్మమ్మ సాకుచున్నవాడు తడబడును. "మీ ఇంట్లో ఎవరెవరున్నారు?" అని అడిగినచో అందరికిని బదులు దొరకును. "అమ్మమ్మ, నేను, మేక" అని ఒకడు చెప్పవచ్చును. అతని పలకపై మేకను కూడ గీయనీయవలెను.