సేద్యపు చదువునకు రైతు సొమ్ము

వ్యవసాయ విద్యకును పరిశోధనకును వెచ్చించు ద్రవ్యము రైతులకు చేయు దానమని పలువురు తలంచుచున్నారు. అది సరికాదు. ఆ ద్రవ్యములో రైతు కష్టార్జితము కలిసియున్నది. పెట్టిన పెట్టుబడికి ఫలము నడిగి తెచ్చుకొనుట మన హక్కు. నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతముల నిదర్శనములతో ఈ సంగతిని వివరింతుము.

నంద్యాల పరిశోధన క్షేత్రము 1906వ సంవత్సరమున స్థాపింపబడినది. ఈ సీమ నల్లరేగడిలో పండిన ప్రత్తిని వర్తకులు ‘నార్తరన్సు’ అను పేర కొనుచుండిరి. విత్తనము కలగలుపైనచో దూది ఒక తీరున నుండదు. దూది ఒక తీరున లేనిచో ధర పలుకదు. కావున మేలైన మొక్కల నేరి, ఒక్కొక్కదాని గింజలను వేరు వేరు సాళ్ళలో విత్తి, గుణము నిలిచిన వానిని మాత్రమే మిగుల్చుట పరిశోధకుల పని. ఆ కాలమున ‘నంద్యాల 14’ అను ప్రత్తి రకము పేరొందినది.

ఇట్టి పని ఒక కారులో తేలునది కాదు. ఒక రైతు సొంత ఖర్చుతో ఏండ్ల తరబడి శ్రమించి మేలి గింజను తీసినను, అది పొరుగు చేలకు పోక మానదు. అందఱకును చెందు లాభమునకు ఒక్కడే ఖర్చు భరింపజాలడు. అందఱును కలిసి భరింపవలెను. సహకారమునకు మూలసూత్రమును ఇదియే.

1921లో భారత కేంద్ర ప్రత్తి సంఘము ఏర్పడినది. 1923 నాటి ప్రత్తి సెస్సు చట్టము ననుసరించి, మిల్లులలో వాడు ప్రత్తిమీదను, ఎగుమతి యగు ప్రత్తిమీదను బేలునకు కొన్ని అణాల చొప్పున సెస్సు వసూలు చేసిరి. ఆ సొమ్ముతో రాష్ట్రములలోని పరిశోధనలకు గ్రాంట్లును, పరిశోధన నేర్చుకొను పట్టభద్రులకు విద్యార్థి వేతనములును ఇచ్చిరి. చెల్లించినది మిల్లువాడే యైనను, కొనుగోలు ధరలో ఆ భారము కొంతయైనను రైతుపై పడకుండునా? 1928లో రాయల్ కమిషను నివేదిక వెలువడగా, 1929లో వ్యవసాయ పరిశోధన పరిషత్తు ఏర్పడినది. ప్రత్తి సంఘపు పనియు తరువాత దానికే చేరినది.

ఫలము చూడుడు. సాధారణముగా శనగ మొక్క పొట్టిది. యంత్రముతో కోసినచో క్రింది కాయలు చేనిలోనే మిగులును. నంద్యాల క్షేత్రమువారు తీసిన ‘ధీర’ రకము ఎత్తుగా పెరిగి యంత్రపు కోతకు అనుకూలించును. కూలీలు దొరకని వేళ ఇది చిన్న మేలు కాదు. త్వరగా పంటకు వచ్చు ‘సూర్యనంది’ కొఱ్ఱయు ఈ క్షేత్రమునుండి వచ్చినదే.

ఇక చదువు మాట. ఒకప్పుడు ఈ సీమ బాలుడు వ్యవసాయ పట్టము కొఱకు కోయంబత్తూరు వంటి దూరప్రదేశమునకు పోవలసియుండెను. 1945లో బాపట్లలోను, 1991లో మహానందిలోను కళాశాలలు వెలసినవి. నేడు ఆళ్ళగడ్డ బిడ్డకు కళాశాల ఇంటి ముంగిటనే యున్నది. పదవ తరగతి పిదప డిప్లొమా చదువవచ్చును. ఇంటర్మీడియెటు పిదప పట్టపు చదువున చేరవచ్చును. జాతీయ ప్రవేశ పరీక్షలో నెగ్గి ఇతర రాష్ట్రమున చేరువారికి వ్యవసాయ పరిశోధన పరిషత్తువారి విద్యార్థి వేతనము గలదు. అయినను, పత్రములు సిద్ధముగా లేక గడువు దాటినచో, తెలివిగల బాలికయైనను ఒక ఏడు నష్టపోవును. కావున చదివిన పాఠశాలల ధ్రువపత్రములు, కులాదాయ పత్రములు, భూమి పాసుపుస్తకము ముందుగానే కూర్చుకొనవలెను. ఆ యేటి ప్రకటనను తప్పక చదువవలెను.

చదువు పిల్లలకు మాత్రమే కాదు. నంద్యాల క్షేత్రమునందును, యాగంటిపల్లె కృషి విజ్ఞాన కేంద్రమునందును జరుగు ఉపన్యాసములు పెద్దలకు బడి. విని తలయూపి వచ్చినందున లాభము లేదు. తెగులు సోకిన మొక్కను వెంట గొనిపోవుడు. ఏ తేదీన విత్తితిరో, ఏ ఎరువు ఎంత వేసితిరో వ్రాసికొని పోవుడు. క్రొత్త విత్తనమును చేనంతయు చల్లక, అర ఎకరమున పాత విత్తనము ప్రక్కనే విత్తి, రెంటి దిగుబడిని తూచి చూడుడు.

ఇంగ్లండులో 1844లో రాచ్‌డేలు నేతగాండ్రు మొదలుపెట్టిన సంఘము, కొలదికాలమునకే లాభములో నూటికి రెండున్నర వంతున విద్యకై ప్రత్యేకించెను. పేదవారు చదువును ఖర్చుగా గాక విత్తనముగా నెంచిరి. మన గ్రామ సంఘములును ఏటేట ఒక విద్యార్థికి దరఖాస్తు రుసుమో, పుస్తకముల వెలయో ఈయవచ్చును. ఒక ఉపన్యాసమునకు సభ్యులను బండి కట్టి తీసికొనిపోవచ్చును. తూచిన దిగుబడులను సంఘపు పుస్తకమున ఎక్కింపవచ్చును. వచ్చు సర్వసభ్య సమావేశమున ఈ మూటిని చర్చకు పెట్టవలెనని సభ్యులను కోరుచున్నాము.