డ్యూరర్ చేతులను చదివే తీరు

జోడించిన రెండు చేతులు, మణికట్ల దగ్గర మడిచిన అంగీ అంచులు. ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ 1508లో గీసిన ఈ సిరా బొమ్మ వియన్నాలోని ఆల్‌బెర్టీనా మ్యూజియంలో ఉంది. దీన్ని చదవడానికి కూర్చున్నప్పుడు భక్తిని కాసేపు పక్కన పెట్టి ముందు కాగితాన్ని చూడాలి.

కాగితం నీలం. ముదురు సిరాతో నీడ, తెల్ల రంగుతో వెలుగు. రెంటికీ నడిమి ఛాయ ఆ నీలమే. నరాల మీద, కణుపుల మీద సన్నని తెల్ల గీతల్ని ఒక్కొక్కటే వెతకండి, కుంచె ఎంత ఓపికగా నడిచిందో తెలుస్తుంది. నీలి కాగితం వెనిస్ చిత్రకారులకు ఇష్టం. డ్యూరర్ 1507లోనే అక్కడినుంచి న్యూరెంబర్గ్ తిరిగొచ్చాడు.

తర్వాత, బొమ్మలో లేనిదేమిటో చూడాలి. ముఖం లేదు, ఒళ్లు లేదు. అంటే ఇవి ఇంకో పెద్ద బొమ్మలోని మనిషి చేతులు. ఫ్రాంక్‌ఫర్ట్‌లోని డొమినికన్ చర్చి బలిపీఠం కోసం డ్యూరర్ వేసిన చిత్రంలో ఒక అపొస్తలుడివి. ఆ చిత్రంలో మరియమాత పరలోకంలో కిరీటం అందుకుంటుంటే, కింద ఆమె ఖాళీ సమాధి చుట్టూ అపొస్తలులు నిలువుగుడ్లేసుకుని పైకి చూస్తుంటారు. అక్కడ పెట్టి చూస్తే ఈ చేతులు దేన్నీ అడుగుతున్నట్టు ఉండవు. కళ్లెదుట జరిగినదానికి వాటంతటవే జోడించుకున్నట్టుంటాయి. నాకు ఈ బొమ్మలో అన్నిటికంటే విలువైన సంగతి ఇదే.

ఇక డబ్బెవరిదో అడగాలి. మతచిత్రం దగ్గర ఈ ప్రశ్నకు మొహమాటపడకూడదు. పని పురమాయించినవాడు యాకోబ్ హెల్లర్, ఫ్రాంక్‌ఫర్ట్ బట్టల వర్తకుడు. రేటు 130 ఫ్లోరిన్లకు కుదిరింది. గిట్టుబాటు కాదని డ్యూరర్ ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి, చివరికి 200 తీసుకున్నాడు. పక్క తలుపుల మీద హెల్లర్ దంపతులు మోకరిల్లి కనిపిస్తారు. పోయాక తమ ఆత్మలకు ప్రార్థనలు అందాలన్నది ఆనాటి సంపన్నుల చింత. చర్చిలోని ఇలాంటి పద్ధతుల మీద క్రైస్తవ సంస్కర్త లూథర్ తిరుగుబాటు చేసిన 1517 ఇంకా తొమ్మిదేళ్ల దూరంలో ఉంది.

ముద్రను కూడా దాని ఊళ్లోనే చదవాలి. మనకిది నమస్కారంలా కనిపిస్తుంది. యూరప్‌లో మాత్రం సామంతుడు మోకరిల్లి, జోడించిన చేతులను ప్రభువు చేతుల్లో పెట్టి విధేయత ప్రకటించేవాడు. క్రైస్తవ ప్రార్థనలో చేతులు జోడించడం ఈ ఆచారం నుంచే వచ్చిందని చాలామంది చరిత్రకారులు అంటారు.

తర్వాత ఏమైందన్నదీ అర్థంలో భాగమే. ఆ పెద్ద చిత్రం బవేరియా పాలకుడి చేతికి పోయి, 1729లో మ్యూనిక్ రాజభవనంలో కాలిపోయింది. యోబ్స్ట్ హారిచ్ వేసిన నకలు ఒకటి ఫ్రాంక్‌ఫర్ట్‌లో మిగిలింది. సమాధి, మరియమాత, హెల్లర్ అందరూ మరుగున పడ్డాక చేతులు ఒంటరివయ్యాయి, ఎక్కడైనా ఇమిడిపోయాయి. మరియమాత పరలోకానికి చేరిన మోక్షారోపణ పండుగ చేసుకోని లూథరన్ ఇళ్లలోనూ గోడకెక్కాయి.

చిట్టచివర, చెప్పుకునే కథను పరీక్షించాలి. అన్న చదువు కోసం తమ్ముడు గనిలో పనిచేసి వేళ్లు పాడుచేసుకున్నాడని, ఇవి అతని చేతులేనని ప్రసంగాల్లోనూ వాట్సాప్‌లోనూ వింటుంటాం. కన్నీళ్లు తెప్పించే కథే, ఆధారం మాత్రం లేదు. డ్యూరర్ తండ్రి కంసాలి. తమ్ముళ్లలో ఎండ్రెస్ తండ్రి పనే అందుకున్నాడు, హన్స్ చిత్రకారుడై పోలండ్ రాజు కొలువులో పనిచేశాడు.