మూతపడిన కర్మాగారము – నడచుచున్న బండ్లు

మైసూరు నగరమున యాదవగిరి యను పేట కలదు. ఆ పేటలో 1961 నుండి 1996 వరకు ఒక మోటారుసైకిళ్ళ కర్మాగారము పనిచేసెను. దాని పేరు ఐడియల్ జావా. నేడా కర్మాగారము లేదు. అందులోని యంత్రములు లేవు. విడిభాగములు అమ్మిన ఏజెన్సీలు ఎన్నడో తలుపులు మూసినవి. అయినను అచ్చట తయారైన బండ్లు మాత్రము నేటికిని మన రోడ్లపై అక్కడక్కడ కానవచ్చుచున్నవి. వెనుక రెండు పొగగొట్టములతో, తమకే ప్రత్యేకమైన ఒక ధ్వనితో అవి పోవుచుండగా నడివయస్సువారు తల త్రిప్పి చూతురు. కన్నతల్లి వంటి కర్మాగారము పోయిన తరువాత ఇన్నేండ్లు అవి యెట్లు బ్రతికినవి? వానిని బ్రతికించుచున్న వారెవరు? ఈ ప్రశ్నకు సమాధానము కొంత యంత్రములో ఉన్నది. కొంత మనుష్యులలో ఉన్నది.

జావా యను పేరు వినగానే మీకు భూగోళపటములోని ద్వీపము జ్ఞప్తికి రావచ్చును. ఈ బండికిని ఆ ద్వీపమునకును ఎట్టి సంబంధమును లేదు. చెకోస్లొవేకియా దేశమున ఫ్రాంతిషెక్ యానెచెక్ అను ఆయుధముల తయారీదారు ఉండెను. ఆయన 1929లో జర్మనీకి చెందిన వాండరర్ అను కంపెనీనుండి మోటారుసైకిళ్ళ తయారీని కొనెను. తన పేరులోని మొదటి రెండక్షరములను, ఆ కంపెనీ పేరులోని మొదటి రెండక్షరములను కూర్చి కొత్త బండికి నామకరణము చేసెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఆ దేశము జర్మనుల వశమై యుండగా, ఆ కర్మాగారపు ఇంజనీర్లు పాలకుల కన్నుగప్పి 250 సి.సి. బండి నొకదానిని రహస్యముగా రూపొందించిరి. యుద్ధము ముగిసిన పిదప 1946లో అది లోకమునకు వెల్లడియయ్యెను.

మన దేశమున ఈ బండ్లను తయారుచేయుటకు ఇరానీ కుటుంబమువారు లైసెన్సు పొంది, 1960లో మైసూరున కంపెనీ నెలకొల్పిరి. మరుసటి సంవత్సరము కర్మాగారమునకు ప్రారంభోత్సవము చేసినవారు జయచామరాజ ఒడెయరు. ఆయన మైసూరు చివరి మహారాజు; అప్పటికి ఆ రాష్ట్ర గవర్నరు. 1970లలో బండి పేరు యెజ్డి అయ్యెను. పేరు మారినను ఇంజను వంశము మాత్రము మారలేదు. తరువాత తేలికైన కొత్త మోటారుసైకిళ్ళు బజారును ముంచెత్తినవి. 1996లో మైసూరు కర్మాగారము మూతపడెను.

ఇచ్చట ఒక భేదము గమనింపవలెను. మద్రాసున 1955లో ఆరంభమైన ఎన్‌ఫీల్డు కంపెనీవారి బులెట్టు బండి నేటికిని తయారగుచున్నది. అందుచేత పాత బులెట్టుకు ఏదైన భాగము విరిగినచో దానిని పోలిన కొత్త భాగము దుకాణములో దొరకుట అంత కష్టము కాదు. జావాకు ఆ భాగ్యము లేదు. 2018లో ఆ పేరుతో కొత్త బండ్లు మరల వచ్చిన మాట నిజమే. కాని వాని ఇంజను వేరు, పనిచేయు పద్ధతి వేరు. పేరు తాతదైనను, తాత చొక్కా మనుమనికి సరిపడనట్లే ఆ భాగములు ఈ బండికి సరిపడవు.

పాత జావా ఇంజనులో ఉన్నది ఒకే సిలిండరు. దాని లోపలి వ్యాసము 65 మి.మీ.; అందు పిస్టను పైకి క్రిందికి కదలు దూరము 75 మి.మీ. స్తూపపు ఘనపరిమాణము కనుగొను సూత్రము మీకు తెలిసినదే. లెక్కించి చూచినచో సుమారు 249 ఘన సెంటీమీటర్లు వచ్చును. దానినే అందరును 250 సి.సి. అందురు. ఇది టూ స్ట్రోకు ఇంజను. అనగా పిస్టను ఒకమారు పైకి, ఒకమారు క్రిందికి పోవునంతలోనే పీల్చుట, అదుముట, మండించుట, వదలుట అను నాలుగు పనులును ముగియును. ఇందు వాల్వులు లేవు. సిలిండరు గోడకు కొన్ని కిటికీలుండును. పిస్టను పోవుచు వచ్చుచు వానిని తానే మూయును, తానే తెరచును. కదలు భాగములు తక్కువ గనుక చెడు భాగములును తక్కువ. గొలుసు పూర్తిగా రేకుపెట్టెలో దాగియుండుటచే దుమ్ము, బురద సోకవు. గేరు వేయు కడ్డీనే లోపలికి నొక్కి పైకి త్రిప్పినచో అదియే కిక్కుకడ్డీగా మారును. ఇట్టి పొదుపైన ఏర్పాట్లే ఈ బండి దీర్ఘాయుష్షునకు మొదటి కారణము.

అయితే ఈ సరళత ఊరక రాలేదు. ఇంజనులోని బేరింగులకు, పిస్టనుకు ప్రత్యేకముగా నూనె అందించు ఏర్పాటు పాత బండ్లలో లేదు. పెట్రోలులోనే నూనె కలిపి పోయవలెను. పాత లెక్క ప్రకారము 25 వంతుల పెట్రోలునకు ఒక వంతు నూనె, అనగా లీటరునకు 40 మి.లీ. నూనె తగ్గినచో పిస్టను వేడెక్కి వ్యాకోచించి, నడుచుచుండగనే సిలిండరులో బిగిసికొనును; వెనుకచక్రము హఠాత్తుగా నిలిచిపోవును. నూనె హెచ్చినచో పొగ, మసి. ఈ రెంటిలో ఏది జరుగుచున్నదో తెలిసికొనుటకు అనుభవజ్ఞుడైన మెకానిక్కు మొదట స్పార్కు ప్లగ్గును విప్పి చూచును. దాని కొన కాఫీపొడి రంగుగా ఉన్నచో ఇంజను ఆరోగ్యముగా ఉన్నట్లు. నల్లగా, జిడ్డుగా ఉన్నచో పెట్రోలు గాని నూనె గాని మితిమీరినట్లు. సున్నమువలె తెల్లబడియున్నచో గాలి యెక్కువై ఇంజను వేడెక్కుచున్నట్లు. వైద్యుడు నాలుక చూచినట్లే యిదియును. మోటారుసైకిలు నడపుటకు మీకు ఇంకను వయస్సు చాలదు. కాని పెద్దలు చెంతనుండగా చల్లారిన ఇంజను ప్లగ్గు విప్పి చూచుటకు లైసెన్సు అక్కరలేదు.

నిప్పురవ్వ పుట్టించు కాంటాక్టు పాయింట్ల సంగతియు తెలిసికొనదగినదే. ఇవి రెండు చిన్న లోహపు మొనలు. ఇంజను తిరుగుచుండగా ఇవి కలిసికొనుచు విడిపోవుచుండును. విడిపోయిన క్షణముననే ప్లగ్గులో రవ్వ పుట్టును. విడిపోయినపుడు వాని నడుమ సందు 0.4 మి.మీ. మించరాదు. ఆ సందు మారినచో రవ్వ పుట్టు సమయమును మారును. బండి కిక్కునకు లొంగదు, లేదా ఎదురుతన్ను తన్నును. మొనలు అరుగుచునే యుండును గనుక సందు తరచుగా సరిచూడవలెను. ఫీలరు గేజి యను పలుచని ఉక్కురేకుల కట్ట ఇందుకు సాధనము. బండి సీటు క్రింద ఆ కట్టను, ఒక స్క్రూడ్రైవరును, ఒక పానాను, మారుప్లగ్గును పెట్టుకొనక దూరప్రయాణమునకు బయలుదేరువాడు జావా యజమానులలో అరుదు.

ఇంతవరకు చెప్పినవి ఇంటివద్ద చేసికొనదగిన పనులు. కష్టమైన భాగము సిలిండరు అరుగుదల. వేలకొలది మైళ్ళు నడచిన పిదప గోడ గుండ్రదనము పోవును, బలము తగ్గును, పిస్టను ప్రక్కలకు కొట్టుకొని టకటకమను చప్పుడు పుట్టును. అప్పుడు లేతు పనివాని యొద్ద సిలిండరును కొంచెము పెద్దదిగా బోరు చేయించి, దానికి తగిన పెద్ద పిస్టను వేయవలెను. ఈ పెంపు పావు మిల్లీమీటరు చొప్పున జరుగును: 65 తరువాత 65.25, ఆపైన 65.50. పిస్టనుకును గోడకును నడుమ విడువవలసిన సందు రమారమి తలవెండ్రుక మందము. తక్కువైనచో బిగిసికొనును, ఎక్కువైనచో మరల చప్పుడు. కాని లోహము అక్షయము కాదు. ఇట్లు కొన్నిమారులు మాత్రమే చేయవచ్చును. తరువాత గోడ పలుచబడును. పిదప మిగిలిన దారి పాత లోహమును తొలిచి క్రొత్త గొట్టమును లోపల బిగించుట. ఆ పని నేర్పుతో చేయగలవారు ప్రతి ఊరనుండరు. కనుక తెలిసినవారు బోరు చేయింపుమని తొందరపడరు. ముందు రింగులు మార్చి చూతురు, గాలి లోపలికి దూరు చోటు కలదేమో వెదకుదురు. పనితనము తెలియనివాడే మొట్టమొదట సిలిండరును విప్పునని నా అభిప్రాయము.

నడచిన బండి అరుగును; నిలిచిన బండి కుళ్ళును. ఈ రెండవదే ఎక్కువ హాని. ఏండ్ల తరబడి పాకలో పడియున్న బండిలో రబ్బరు సీళ్ళు ఎండి బిరుసెక్కును. వానిగుండ గాలి దూరి పెట్రోలుపాలు తగ్గి ఇంజను కాలును. ఇప్పుడు దీనికి తోడు మరియొక చిక్కు వచ్చినది. 2025 నాటికి మన దేశమున పెట్రోలులో 20 శాతము ఇథనాలు కలిపి అమ్ముట వ్యాపించెను. ఇథనాలు తేమను పీల్చును. బండిని నెలల తరబడి కదలనీయక ఉంచినచో టాంకు అడుగున నీరు చేరి త్రుప్పు పట్టును. ఆ కాలపు రబ్బరు గొట్టములు మెత్తబడి చీలును. అందుచేత అభిమానులు ఇథనాలును సహించు కొత్త గొట్టములు వేయుచున్నారు. బండిని చాలకాలము నిలుపవలసి వచ్చినపుడు కార్బురేటరును ఖాళీ చేయుచున్నారు. ముత్తాతల నాటి యంత్రమునకు మనుమల నాటి ఇంధనము పోయుచున్నపుడు ఇట్టి జాగ్రత్తలు తప్పవు.

ఈ విద్య పూర్తిగా గ్రంథములలో లేదు. కంపెనీవారి చేతిపుస్తకమున కొలతలుండును. చెవికి తెలిసినది ఉండదు. స్క్రూడ్రైవరు కొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవివద్ద ఉంచుకొని, అరిగిన బేరింగు ఏ ప్రక్కదో చెప్పగల పాతకాలపు మెకానిక్కులు చిన్న చిన్న షెడ్లలో కలరు. వారిలో పెక్కురు బాల్యమునుండి గురువు చెంత నిలిచి పానాలు అందించుచు నేర్చినవారే. వారికి వయస్సు పైబడుచున్నది. వారి కుమారులు కొత్త బండ్ల పనిలోనో వేరు ఉద్యోగములలోనో స్థిరపడినారు. ఈ కారణముననే ఒక ఇంజనును పూర్తిగా విప్పునపుడు కొందరు అభిమానులు షెడ్డులోనే కూర్చుండి, ప్రతి భాగమును వరుసగా ఫొటో తీసి, కొలతలు వ్రాసికొని, ఆ మెకానిక్కు చెప్పు మాటలను దాచుకొనుచున్నారు. ఇంజను విప్పుటకు గంట చాలును. ఆ మాటలు పోగుపడుటకు నలుబదియేండ్లు పట్టినది.

విడిభాగముల విషయమున ఒంటరివాడు ఏమియు చేయలేడు. టాంకు ప్రక్కల నుండు రబ్బరు మోకాలిమెత్తను ఉదాహరణగా తీసికొందము. దానిని పోతపోయుటకు ముందుగా అచ్చు కావలెను. ఒక మెత్త చేసినను నూరు చేసినను అచ్చుఖర్చు ఒక్కటే. ఒక్కనికై చేయించినచో మెత్త వెల విని కొనువాడు పారిపోవును. ఏబదిమంది కలిసి చెప్పినచో ఎవరికిని భారముండదు. అందుకే బెంగుళూరు, హైదరాబాదు వంటి నగరములలో జావా, యెజ్డి యజమానులు సంఘములుగా కూడిరి. ఒకని యొద్ద విరుగని అసలు భాగముండును, దానిని నమూనాకు ఇచ్చును. వేరొకడు కొలతలు తీసి పటము గీయును. మరియొకనికి పోతపని తెలిసినవారితో పరిచయముండును. బెంగుళూరు జె.సి. రోడ్డు దుకాణములలో వెదకువారు కొందరు. మూతపడిన ఏజెన్సీల గోదాములలో కాగితము విప్పని పాతసరుకు కొరకు తిరుగువారు కొందరు. చెక్ దేశమునుండి తెప్పించుకొనువారును కలరు. నకిలీ భాగములతో మోసపోయినవాడు తక్కినవారికి వెంటనే తెలియజేయుట ఈ సంఘములలో అలిఖిత నియమము.

అందరును ఒక్కమాటమీద ఉందురని తలంపరాదు. పాయింట్లు తీసివేసి ఎలక్ట్రానిక్ పద్ధతి పెట్టినచో బండి నమ్మకముగా నడచునని ఒకరందురు. అట్లయినచో అది జావా ఎట్లగునని మరియొకరందురు. రంగు విషయమునను ఇదే తగవు. వెలసిన మెరూను రంగును, చెరిగిపోవుచున్న బంగారు గీతను గీకివేసి అద్దమువలె మెరయు కొత్తరంగు పూయుట కొందరికి ముచ్చట. నాకు మాత్రము వెలసిన రంగే మేలనిపించును. కొత్తరంగు ఎప్పుడైనను వేయవచ్చును, కర్మాగారమున పడిన రంగు మరల రాదు. ఇంతకంటె పెద్ద తగవు వేరొకటి ఉన్నది. మూడు పాత బండ్లను విప్పి ఒక చక్కని బండి చేయుట నేడు వాడుకయైనది. బండి ఒకటి మెరయును నిజమే. రెండు బండ్లు లెక్కలోనుండి తొలగిపోవును. మిగిలిన చట్రమును పాత ఇనుము కొట్టువాడు తూకము వేసి కొనును. కర్మాగారము లేనపుడు ఈ తీసివేతకు ఎదురుగా కూడిక లేదు.

ప్రతి సంవత్సరము జూలై మాసపు రెండవ ఆదివారమున జావా దినోత్సవము జరుగును. నాడు అనేక నగరములలో ఈ బండ్లు ఒక్కచోట చేరును. చూడవచ్చినవారు వరుసలను, మెరుపులను చూతురు. తెలిసినవారు మాత్రము ఒక మూల గోనెపట్టాపై పరచిన కార్బురేటర్ల చుట్టు మూగుదురు. అచ్చట కళాశాల విద్యార్థి ప్రశ్న అడుగును, బ్యాంకు ఉద్యోగి జవాబు చెప్పును, మెకానిక్కు దానిని సరిదిద్దును.

ఇక చట్టము మాట. మన దేశమున మోటారుసైకిలు రిజిస్ట్రేషను మొదట 15 సంవత్సరములకు చెల్లును. తరువాత బండిని తనిఖీ చేయించి ఐదేండ్ల కొకమారు పొడిగించుకొనుచుండవలెను. 2021లో కేంద్ర ప్రభుత్వము ప్రాచీన వాహనములకై వేరు నిబంధనలు చేసినది. మొదటి రిజిస్ట్రేషను నాటినుండి 50 ఏండ్లు దాటి, అసలు రూపము చెడని బండికి వింటేజి వాహనముగా పది సంవత్సరములకు నమోదు లభించును. అట్టి బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతునకు, పెట్రోలు పోయించుకొనుటకు రోడ్డుపైకి తేవచ్చును గాని నిత్యము వాడరాదు. 1960లలో రిజిస్టరైన జావాలకు ఆ వయస్సు వచ్చినది. 1996లో మైసూరునుండి వెలువడిన చివరి యెజ్డీలు అచ్చటికి చేరుటకు 2046 వరకు ఆగవలెను. అంతవరకు ఐదేండ్ల కొకమారు అవి తనిఖీకి నిలువవలసినదే. అందు నెగ్గుటకు కావలసిన రింగులు, సీళ్ళు, పాయింట్లు ఎవరో ఒకరు చేయుచుండవలసినదే.