కర్ణుని ఉత్తరీయపు నీడ

ఉద్యోగపర్వంలోని కర్ణకుంతీ సంవాదాన్ని గతమాసం మన మండపంలో ప్రవచించాను. అందరూ తీర్థప్రసాదాలు స్వీకరించి వెళ్లిన పిదప ఒక అమ్మగారు స్తంభం ప్రక్కనే నిలిచి ఉన్నారు. పంతొమ్మిదవ ఏట, వివాహానికి పూర్వం కన్న ఆడశిశువును దత్తతకు అప్పగించిన తల్లి ఆమె. ఆ కుమార్తె ఇప్పుడు తన మూలాలను వెదకుతూ జాబు పంపింది. “ఏ ముఖంతో వెళ్లను? కర్ణుడు కుంతిని క్షమించాడా పంతులుగారూ?” అని అడిగారు. నాకు సమాధానం తోచలేదు. ఇంటికి వచ్చి భారతం మళ్లీ తెరిచాను. ఆమె అనుమతితోనే, ఊరూ పేరూ లేకుండా ఇది వ్రాస్తున్నాను.

మైనం పూసిన పేటికలో కుంతి విడిచిన శిశువు అశ్వనది, చర్మణ్వతి, యమున, గంగల మీదుగా చంపానగరం చేరాడు. అతడు సూతుని ఇంట పెరుగుతున్నాడని చారుల వల్ల ఆమె తెలుసుకొన్నదని అరణ్యపర్వం చెబుతుంది. దీనిని మనం సాధారణంగా గమనించము. అనగా ఆమె మరచిన తల్లి కాదు. కుమారాస్త్రవిద్యా ప్రదర్శనలో అతనిని చూచి మూర్ఛిల్లినది కూడా అందుకే. విదురుడు చందనజలంతో సేద తీర్చాడు. ఆమె మాత్రం పెదవి విప్పలేదు.

ఇక గంగాతీరం. కర్ణుడు తూర్పుముఖంగా చేతులెత్తి జపిస్తున్నాడు. ఎండకు తాళలేని కుంతి, వాడిన పద్మమాల వలె, అతని ఉత్తరీయపు నీడలో నిలిచింది. ఒడిలో నీడనివ్వలేకపోయిన కొడుకు వస్త్రపు నీడే ఆమెకు ఆశ్రయమైనది! జపం ముగించి వెనుదిరిగిన కర్ణుడు రాధేయుడనని చెప్పి నమస్కరించాడు. కాదు, నీవు కౌంతేయుడవు అన్నదామె. ఇక్కడే బెసికినదని నా అభిప్రాయం. తనను చూడగానే రాధకు స్తన్యం పొంగినదని అంతకు ముందే శ్రీకృష్ణునితో చెప్పుకొన్న కొడుకతడు. పెంచిన తల్లిని కాదంటే ఎట్లా సహిస్తాడు? పైగా కుంతి పాండవుల పక్షానికి రమ్మని కోరవచ్చింది. నాడు తల్లివై నా హితం చూడలేదు, నేడు నీ హితం కోరి వచ్చావని కర్ణుడు నిష్ఠూరమాడాడు. అయినా అర్జునుడు తప్ప తక్కిన నలుగురినీ చంపనని మాట ఇచ్చాడు.

నేటి తల్లికి 2015 బాలల న్యాయచట్టం పునరాలోచనకు రెండు నెలల గడువు ఇస్తున్నది. 18 ఏళ్లు నిండిన దత్తసంతానం మూలాన్వేషణకు స్వయంగా దరఖాస్తు చేసుకోవచ్చు. కన్నతల్లి గోప్యతకు మాత్రం భంగం రాకూడదు. కుంతికి గడువూ లేదు, ఆమె రహస్యానికి రక్షకులూ లేరు.

ఆశ్రమవాసపర్వంలో వృద్ధురాలైన కుంతి వ్యాసునికి తన కథనంతా స్వయంగా విన్నవించింది. ఆ కొడుకును చూడాలన్న కోరిక తప్ప మరేదీ అడుగలేదు. నీ యందు దోషం లేదన్నాడు మహర్షి. ఆ రాత్రి భాగీరథీజలాల నుండి మృతవీరులు లేచి వచ్చారు. పాండవులు కర్ణుని సంతోషంతో కలుసుకొన్నారు.

మొన్న శనివారం ఆ అమ్మగారు మళ్లీ వచ్చినప్పుడు ఈ రెండు ఘట్టాలూ చదివి వినిపించాను. “పెంచిన అమ్మకు ఒక చీర తీసుకువెళతాను” అన్నారు. కొంతసేపు ఆగి, గంగలో ఆ రాత్రి కుంతి, కర్ణుడు ఏమి మాట్లాడుకొన్నారని అడిగారు. వ్యాసుడు అది వ్రాయలేదమ్మా అన్నాను.